సెల్‌ఫోనుకు తోడొక కీబోర్డు

చేతికి ఒకసారి అలవడిన విద్య అంత సులభంగా విడిచిపోదు. 1990 దశకం తొలి సంవత్సరాలలో ఉద్యోగాలలో చేరిన మా తరం ఇంజనీర్లలో పలువురం, చదువు ముగిసిన సెలవులలో టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కినవాళ్ళమే. ఉద్యోగం రాకపోతే ఇదైనా అక్కరకు వస్తుందన్నది ఆనాటి తండ్రుల ముందుచూపు. ఎడమచేతితో ఏ, ఎస్, డి, ఎఫ్ అనీ, కుడిచేతితో సెమికోలన్, ఎల్, కె, జె అనీ నెలల తరబడి చేసిన సాధన ముప్పయి ఏళ్ళు గడిచినా వ్రేళ్ళలో నిలిచే ఉన్నది. అయితే నేడు మనం అన్నిటికంటె ఎక్కువగా వాడే యంత్రమైన సెల్‌ఫోనుకు ఆ విద్యతో పనిలేదు. పది వ్రేళ్ళు చేయగల పనిని అది రెండు బొటనవ్రేళ్ళకు అప్పగించింది.

ఆరంభంలో పరిస్థితి ఇట్లా లేదు. 1996లో వచ్చిన నోకియా 9000 కమ్యూనికేటరును తెరిస్తే లోపల పూర్తి కీబోర్డు ఉండేది. బ్లాక్‌బెరీ ఫోన్లు చిన్న చిన్న మీటలతోనే ప్రసిద్ధి చెందినవి. 2008లో వెలువడిన తొలి ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా తెర క్రిందినుండి జారి బయటకు వచ్చే కీబోర్డు ఉన్నది. 2007లో ఐఫోను చూపిన దారి క్రమంగా రాజమార్గమై మీటలు కనుమరుగైనవి. చూపుటకు, చదువుటకు విశాలమైన తెర దక్కింది. నష్టపోయినది వ్రాత.

ఆ నష్టం ఎట్టిదో గమనించండి. తెరపై కీబోర్డు లేచినప్పుడు తెరలో సగం దాదాపు దానికే చెల్లుతుంది. వ్రాస్తున్నవాడికి తాను వ్రాసినది నాలుగైదు పంక్తులకు మించి కనిపించదు. అసలైన కీబోర్డుపై ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చూపుడువ్రేళ్ళు వాటిని తాకి తమ స్థానాన్ని తామే తెలుసుకుంటాయి, కన్ను వాక్యం మీద నిలువగలుగుతుంది. నున్నని అద్దం మీద వ్రేలికి గుర్తు ఏదీ తగలదు కనుక ప్రతి అక్షరానికీ కన్నే కాపలా కాయాలి. పంక్తి మీద, మీట మీద ఒకేసారి చూపు నిలిపి ఎవరు మాత్రం ఎంతసేపు వ్రాయగలరు? అందుచేతనే మన సందేశాలు ‘సరే’, ‘వస్తున్నా’ అన్నంత దగ్గర ఆగిపోతున్నవి. అంతకు మించితే మాట రికార్డు చేసి పంపుతున్నాము, లేదా తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తున్నాము. ఈ చివరి పద్ధతిలో కల్లు, కళ్ళు, కాళ్ళు అన్నింటికీ ఒకే కూర్పు సరిపోతుంది. ఊరిలోని తల్లికి నొప్పులని సందేశం వస్తే ఏ వైద్యుని వద్దకు తీసికొనిపోవాలో తేల్చుకొనుటకు మళ్ళీ ఫోను చేయవలసిందే!

దీనికి పరిష్కారం చాలామంది ఇండ్లలోనే, పాత కంప్యూటరుతో పాటు అటక మీద ఉన్నది. వెన్న చేతిలో పెట్టుకొని నేతికి వెదకినట్లున్నది మన సంగతి. ఓటీజీ అనే చిన్న తీగ ఒకటి ఉంటే ఆ యూఎస్‌బీ కీబోర్డును ఫోనుకు తగిలించవచ్చు. కంప్యూటరుకు కలిపినప్పుడు ఫోను అతిథి. ఓటీజీ తీగ తగిలించినప్పుడు తానే ఆతిథేయి అయి, కీబోర్డుకు కావలసిన విద్యుత్తు కూడా తానే అందిస్తుంది. పాతరకం మైక్రో యూఎస్‌బీ తీగలో నాలుగవ పిన్నును భూమితీగకు కలపడమే ఈ మార్పుకు సంకేతం. కొత్తరకం సి టైపు రంధ్రం గల ఫోన్లకు తగిన అడాప్టరు వేరుగా దొరుకుతుంది. తీగ వద్దనుకున్నవారికి బ్లూటూత్ కీబోర్డు ఉన్నది. తొలిసారి జతపరచునప్పుడు ఫోను అంకెలు చూపితే వాటిని కీబోర్డుపై కొట్టి ఎంటరు నొక్కితే చాలు.

ఇక తెలుగు మాట. కీబోర్డుకు ఏ భాషా రాదు. ఏ మీట నొక్కబడినదో దాని సంఖ్యను మాత్రమే అది పంపుతుంది. ఆ సంఖ్యను ఏ అక్షరంగా చూపాలో నిర్ణయించేది ఫోను. కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు ముద్రించిన కీబోర్డు తెలుగుకు అడ్డు కానేకాదు. అయితే తెరపై కీబోర్డుకు తెలుగు పెట్టుకున్నంత మాత్రాన బయటి కీబోర్డుకు తెలుగు వచ్చినట్లు కాదు. ఫోను సెట్టింగులలో బాహ్య కీబోర్డు అన్న విభాగంలోని జాబితాను వేరుగా చూసుకోవాలి. ఈ జాబితా ఫోనును బట్టి మారుతుంది.

అమరికలలో మేము ఎంచుకున్నది ఇన్‌స్క్రిప్ట్. 1991 నాటి ఐఎస్ 13194 భారతీయ ప్రమాణంలో చోటు పొందిన అమరిక ఇది. అచ్చులు, వాటి గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడిచేతి వైపు ఉంటాయి. ‘స్త్రీ’ అని వ్రాయాలంటే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు వరుసగా నొక్కాలి. ఎం సకారం, ఎల్ తకారం, జె రకారం. డి మీట పొల్లు పెట్టి ఒత్తును కలుపుతుంది. ఆర్ మీట దీర్ఘమైన ఈకారం. పలికిన వరుసలోనే వ్రాత సాగుతుంది. మరొక సౌలభ్యం ఏమనగా, తెలుగు ‘క’ ఏ మీట మీద ఉన్నదో హిందీ, ఒడియా, బెంగాలీ ‘క’ కూడా అదే మీట మీద ఉన్నది. హిందీ పక్షోత్సవాలలో టైపు పోటీకి సాధన చేసిన ఉద్యోగికి తెలుగు దాదాపు ఉచితంగా లభించినట్లే. పదిహేను రోజులపాటు రోజుకొక అరగంట వెచ్చించినంతలో మాకు మీటల వైపు చూసే అవసరం చాలావరకు తగ్గింది.

ఈ సాధన వలన ఏమి ఒనగూరినదో చెప్పుటకు ఒక ఉదాహరణ. మా విభాగంలో పంపుల మరమ్మతులు చూసే మేస్త్రిగారు పదవీ విరమణకు చేరువైనారు. ఆయన అనుభవాన్ని కాగితంపై పెట్టాలన్న ప్రస్తావన ఎన్నోమార్లు వచ్చి, ఎవరికీ తీరిక లేక వాయిదా పడింది. ఒక మధ్యాహ్నం క్యాంటీనులో మంచినీళ్ళ గ్లాసుకు ఫోనును ఆనించి నిలబెట్టి, ముందు కీబోర్డు పెట్టుకొని కూర్చున్నాము. ఆయన చెప్పసాగినారు, మేము వ్రాయసాగినాము. గ్లాండు ప్యాకింగు బిగించే విషయం వచ్చినప్పుడు, “పూర్తిగా బిగించెయ్యకూడదు సార్, కొద్దిగా నీళ్ళు కారనివ్వాలి. కారకపోతే స్లీవు కాలిపోతుంది” అన్నారు. తెర మొత్తం ఖాళీగా ఉన్నందున ఆయన తన మాటలను తానే చదువుకుంటున్నారు. ఒక నిమిషం ఆగి, “సార్, ఆ ‘కొద్దిగా’ తీసెయ్యండి. కొత్త కుర్రాడికి కొద్దిగా అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? మన ఈ పంపులకి నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు అని వెయ్యండి” అన్నారు.

నోటిమాటగా ముప్పయి ఏళ్ళు ‘కొద్దిగా’ అని చెల్లినది, అక్షరమై కంటబడగానే అంకె అయినది. మాట రికార్డు చేసి ఉంటే ఆ ‘కొద్దిగా’ అట్లాగే నిలిచిపోయేది. నాలుగు మధ్యాహ్నాలలో పదకొండు పుటలు పూర్తి అయినవి. ఆయన మాటలలోనే, తెలుగులోనే ఉన్నందువలన కొత్తగా వచ్చిన టెక్నీషియన్లు వాటిని అడిగి మరీ తీసికొనిపోతున్నారు.

ఇంటిలో కూడా దీని ఉపయోగం తక్కువ కాదు. చూపు మందగించిన పెద్దలకు పెద్ద అక్షరాలు అంటించిన మీటలు అద్దం కంటె అనుకూలం. మా శ్రీమతి తన అత్తగారి వద్ద నేర్చిన ఊరగాయల కొలతలను ఇట్లాగే ఎక్కించుకుంటున్నది. ‘కొద్దిగా’, ‘తగినంత’ అన్న మాటలతో అక్కడ కూడా పోరాటం సాగుతూనే ఉన్నది.

రెండు మూడు జాగ్రత్తలు. తీగ కీబోర్డు తగిలించినప్పుడు సాధారణంగా ఛార్జింగు రంధ్రం దానికే పోతుంది కనుక ముందే ఛార్జి చేసుకోవాలి. ఫోన్లు నిషేధించిన ప్రమాదకర ప్రాంతాలలోనికి ఫోనునుగాని, బ్లూటూత్ కీబోర్డునుగాని తీసికొనిపోరాదు. ఏ సమాచారాన్ని సొంత ఫోనులో ఉంచుకోవచ్చునో పై అధికారుల అనుమతి ముందుగా పొందడం విధి. మేస్త్రిగారి పుటలు కూడా అట్లా అనుమతి పొందిన తరువాతనే వ్రాయబడినవి.

మా తరంవారు రానున్న కొద్ది సంవత్సరాలలో ఒకరి తరువాత ఒకరుగా సెలవు తీసుకుంటారు. సన్మానసభలో శాలువా కప్పి, ‘వీరి అనుభవం అమూల్యం’ అని చెప్పడం మన ఆచారం. ఆ అనుభవంలో పది పుటలైనా సభకు ముందే విభాగపు బీరువాలోనికి చేరితే ఆ మాట సార్థకమౌతుంది. అటక మీది కీబోర్డును దించి, దుమ్ము తుడిచి, ఈ ఆదివారమే ఒక పుట వ్రాయవలసినదిగా మా తోటి ఉద్యోగులను కోరుతున్నాము. ఏమి వ్రాయాలన్న సందేహం కలిగితే, మీ తరువాత ఆ కుర్చీలో కూర్చోబోయే కుర్రవాడు మొదటి రాత్రి షిఫ్టులో మీకు ఫోను చేసి ఏమి అడుగుతాడో ఊహించండి. దానికి సమాధానమే మొదటి పుట.