కాగితం లేని మాత్ర

వ్రతమో, పెళ్ళో, తిరుపతి ప్రయాణమో నిశ్చయమైనప్పుడు నెలసరి అడ్డు రాకుండా మాత్రలు మింగడం మన ఇళ్ళలో ఎప్పటినుండో ఉన్నదే. స్త్రీల మాత్రలతో విశ్రాంత తెలుగు పండితునికేమి పని అని చదువరులు నొసలు చిట్లించవచ్చు. పని కల్పించినది మా మేనకోడలు.

గృహప్రవేశం నిమిత్తం రోజుకు మూడు చొప్పున పన్నెండు రోజులు వాడింది. ఆపైన ఎడమ పిక్క వాచి, కాలు మోపలేకపోయింది. సిరలో నెత్తురు గడ్డకట్టిందన్నారు. "మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అని డాక్టరుగారు అడిగితే "లేదండీ" అన్నది. అబద్ధమాడలేదు. పీటల మీద కూర్చోవడానికి వేసుకున్నది కూడా మందేనని ఆమెకు తోచలేదు. నర్సమ్మ గుచ్చి గుచ్చి అడిగితే గాని సంగతి బయటపడలేదు. మాత్రలే కారణమని తేల్చలేము గాని, అనుమానించక తప్పదన్నారు.

ఆ మాత్రలోనిది నోరెథిస్టెరోన్. ఆ మోతాదులో వాడితే అందులో కొంత శరీరంలో ఎథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుందట. మాలా-డి వంటి గర్భనిరోధక మాత్రలలో ఉండే ఈస్ట్రోజన్ అదే. అది కాలేయం చేత నెత్తురును గడ్డకట్టించే పదార్థాలను ఎక్కువగా తయారు చేయిస్తుంది. గడ్డను అదుపు చేసే ప్రోటీన్ ఎస్ వంటివాటిని తగ్గిస్తుంది. కాలిలోని గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

అట్లని హడలిపోనక్కరలేదు. ఏడాదికి పదివేలమంది స్త్రీలలో గడ్డలు వచ్చేది మాత్రలు వాడనివారిలో 1 నుండి 5 మందికి, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో 3 నుండి 9 మందికి, గర్భవతులలో 5 నుండి 20 మందికి. అయితే ఇంతకుముందు గడ్డ వచ్చినవారు, తోబుట్టువులకో తల్లిదండ్రులకో వచ్చినవారు ముందే డాక్టరుకు చెప్పవలె.

అమెరికాలో 1960లో గర్భనిరోధక మాత్రకు అనుమతి లభించింది. మరుసటి ఏడే బ్రిటన్ వైద్యపత్రిక లాన్సెట్‌లో, అదే మాత్ర వాడిన ఒక నర్సు ఊపిరితిత్తులలో గడ్డ కట్టిన వృత్తాంతం వెలువడింది. 1970లో సెనేట్ విచారణ జరిపితే, మాత్ర మింగుతున్న స్త్రీలను ఒక్కరినీ సాక్ష్యానికి పిలువలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్ మొదలైన యువతులు సభలోనే లేచి నిలదీశారు. ఆ ఏడాదే, హెచ్చరిక కాగితం మాత్రలతోపాటు ఇవ్వాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది.

ఇక్కడ అట్టను కత్తెరతో కత్తిరించి, కావలసినన్ని మాత్రలు చేతిలో పెడతారు. కాగితం ఏదని మా వీధి దుకాణదారుని అడిగాను.

"పెట్టెకొక్కటే వస్తుంది మాస్టారూ, ఎవరికని ఇవ్వను?" అన్నాడు.