జనం మధ్యకు పద్యం

అక్షరం ముక్క రాని రైతు కూడా కృష్ణరాయబారం పద్యాలు ఎత్తుకోవడం మా ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు వింతేమీ కాదు. అవి పుస్తకంలో చదివినవి కావు, నాటకాల్లో విని పట్టినవి.

భీమవరం దగ్గరి యండగండిలో 1872లో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రితో జంటగా ఊరూరా అవధానాలు చేశారు. కృష్ణరాయబారం పద్యాలున్న, ఆ జంట రాసిన పాండవోద్యోగ విజయాలు నాటకాలు కవిత్వాన్ని పందిరి కిందికి తెచ్చాయి. 1967లో ‘శ్రీకృష్ణావతారం’ సినిమా, ఘంటసాల గొంతు ఆ పద్యాలను మరింత దూరం మోసుకెళ్లాయి.

పద్యనాటకంలో నాకు ప్రాణం చివరి పాదం. నటుడు రాగం తీస్తాడు, హార్మోనియం వెన్నంటి వస్తుంది, ఎక్కడో వెనక వరసలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక. రాయబారానికొచ్చిన కృష్ణుడు కథ ఆపి, పద్యం మళ్లీ మొదటి నుంచి అందుకుంటాడు. కవికి అంతకు మించిన సన్మానం ఉందా?

నేటి కవి సమ్మేళనాల్లో చాలాసార్లు వినేదీ కవులే, చదివేదీ కవులే. వచన కవితకు రాగం అక్కర్లేదు. గొంతు, సాధన మాత్రం కావాలి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు లంక గ్రామాలన్నీ కదులుతాయి. అలా జనం చేరిన చోటికి కవే వెళ్లాలి. బాగా చెబితే మనవాళ్లు తప్పక వింటారు. అది నా గట్టి నమ్మకం.