వేగం తగ్గించే మరమ్మతు

పాత కారును బాగుచేయించడమంటే దాన్ని కొత్తదాని కన్నా నిగనిగలాడేలా చేయడమని మనకు అలవాటైన లెక్క. సొట్టలు తీస్తారు, లప్పం పెడతారు, రంగు కొడతారు, ఇంజన్ విప్పి బిగిస్తారు. బండి మునుపటికన్నా హుషారుగా పరిగెడితే మెకానిక్‌ని మెచ్చుకుంటారు. అమెరికాలో 1960ల నాటి డ్రాగ్ రేసు కార్లను ఆనాటి రూపానికి తెచ్చేవాళ్ళ దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. పని సరిగ్గా కుదిరితే అక్కడ కారు వేగం తగ్గుతుంది.

ఉదాహరణకు డాడ్జ్ కంపెనీ 1968 హెమీ డార్ట్. డ్రాగ్ రేసులో రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం వెలగ్గానే తిన్నటి దారి మీద పావు మైలు, అంటే 402 మీటర్లు దూసుకుపోతాయి. ఆ దూరాన్ని హెమీ డార్ట్ 1968లో పదిన్నర సెకన్లకు అటూ ఇటూగా దాటేది. అదే కారు, దాని జోడీ ప్లిమత్ బారాకుడా ఇప్పటికీ ఇండియానాపోలిస్ పోటీల్లో తమకంటూ కేటాయించిన తరగతిలో పరిగెడుతున్నాయి. ఎనిమిది సెకన్ల పైచిలుకులో పని ముగించేస్తున్నాయి. అర్ధశతాబ్దంలో ఇంజన్ లోపలి భాగాలు, గేర్లు, టైర్లు, సస్పెన్షన్ అన్నీ మారాయి మరి. అలాంటి కారును 1968కి తీసుకెళ్ళాలంటే కష్టపడి సంపాదించిన ఆ రెండు సెకన్లనూ వదులుకోవాలి. పోటీలో పుట్టి పెరిగిన మనుషులకు ఇది చిన్న త్యాగం కాదు.

ఇంతకీ 1968లో ఆ కారు ఎలా ఉండేది? మొరటుగా ఉండేది. 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజన్ దాదాపు ఏడు లీటర్లది. చిన్న డార్ట్‌లో అది మామూలుగా పట్టదు. మిషిగన్‌లో హర్స్ట్ కంపెనీ వాళ్ళు లోపలి రేకును సవరించి దాన్ని ఇరికించారు. ముందు మడ్‌గార్డులు, బానెట్ ఫైబర్‌గ్లాస్‌వి. తలుపుల రేకు పలచన. బ్యాటరీ డిక్కీలోకి వెళ్ళింది, ఆ బరువు వెనక చక్రాల మీద పడాలని. వెనక సీటు లేదు, రేడియో లేదు, హీటర్ లేదు. ముందు సీట్లు డాడ్జ్ వాళ్ళ వ్యాన్‌లో వాడే తేలికపాటివి. తలుపులో అద్దం ఎక్కించే పిడి ఉండాల్సిన చోట ఓ పట్టీ వేలాడుతుంది. ఆ పట్టీని చేత్తో పట్టి లాగితే అద్దం పైకి వస్తుంది. పిడి, దాని పళ్ళచక్రాలు తీసేస్తే ఆ మేరకు బరువు తగ్గింది కదా, అదీ వాళ్ళ ఆలోచన. ఇలాంటి కార్లు 80 దాకా తయారైతే వాటిలో ఒక్కదానికీ రంగు వేయలేదు. ఒంటికి ప్రైమరు, ఫైబర్ భాగాలకు నల్లపూత, అంతే. రోడ్ల మీద నడపడానికి చేసిన బండి కాదని చెప్పే స్టిక్కర్ ఒకటి అంటించి పంపారు.

కాబట్టి దీన్ని బాగుచేసేవాళ్ళ ముందు మొదటి ప్రశ్న: ఏ రోజు దగ్గర ఆగాలి? లారీ దిగిన రోజు దగ్గర ఆగితే కారు ప్రైమరుతోనే ఉండాలి. మొదటి రేసు రోజు అనుకుంటే అప్పటికి యజమాని రంగు వేయించాడు, పక్కల మీద పేర్లు రాయించాడు, మొదట్లో ఇచ్చిన చక్రాలు మార్చేశాడు. రేసు కారు ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. 1965లో డాడ్జ్, ప్లిమత్‌ల మాతృసంస్థ క్రైస్లర్ తయారుచేసిన రేసు కార్ల సంగతే చూడండి. వెనక టైర్ల మీద బరువు పడి పట్టు దొరకాలని వాటి వెనక చక్రాలను 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపారు. చూపుకు వింతగా కనిపించిన ఆ కార్ల నుంచే ‘ఫన్నీ కార్’ అన్న పేరు స్థిరపడింది. సీజన్ మొదట్లో వాటికి కార్బురేటర్లున్నాయి. ఆ ఏడు తిరక్కుండానే హిల్‌బోర్న్ ఇంధన ఇంజెక్షన్ గొట్టాలు బానెట్‌ను చీల్చుకుని పైకి లేచాయి. రెండూ నిజమే. అయితే వసంతకాలపు కార్బురేటర్, శరదృతువు నాటి గొట్టాల కోసం కోసిన బానెట్ ఒకే బండి మీద కనిపిస్తే అలాంటి కారు చరిత్రలో ఏ రోజూ లేదు.

ఆ రోజును పట్టుకోవడానికి చేసే వెతుకులాటలోనే ఈ పనిలోని అసలు సంబరం ఉంది. పత్రికల ఫొటోగ్రాఫర్లు తీసిన నెగెటివ్‌లు, ప్రేక్షకులు 8 మిల్లీమీటర్ల కెమెరాలతో తీసుకున్న రీళ్ళు, పరుగు ముగిశాక చేతికిచ్చిన టైమ్ చీటీలు, ఇవన్నీ సాక్ష్యాలే. హోలీ కార్బురేటర్ అంచున దాని లిస్టు నంబరు, తయారీ తేదీ గుర్తు చెక్కి ఉంటాయి. ఎంచుకున్న రేసు తర్వాత తయారైనదైతే ఎంత బాగా పనిచేసినా పక్కన పెట్టాల్సిందే. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కారు ఒంటి మీదే దొరుకుతుంది. తలుపు మీద వాటర్ పేపరును తడిపి, వేళ్ళ కొసలతో మాత్రమే ఒత్తుతూ, అరచేతి మేర రుద్దుతారు. పైనున్న ఎరుపు నెమ్మదిగా పలచబడుతుంది. దాని కింద బూడిదరంగు, ఆ కింద నీలం. నీలంలో ఒక బంగారు రేకు వంపు బయటపడుతుంది. అక్షరం తాలూకు తోక అది. అక్కడితో చెయ్యి ఆపి, పలచటి కాగితం పరిచి, ఆ వంపును పెన్సిల్‌తో ఎత్తుకుంటారు. అప్పటి డ్రైవరు పేరో, కారు అమ్మిన డీలరు పేరో అలా అక్షరం వెంట అక్షరం తిరిగొస్తుంది.

ఇంత కష్టపడ్డాక కూడా చాలామంది చివర్లో దారి తప్పుతారు. నునుపు చేయాలన్న కోరిక వాళ్ళను ఓడిస్తుంది. మిషిగన్‌లో ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు కాపురముండే తెలుగువాళ్ళు ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపులో ఇలాంటి బళ్ళను చూసే ఉంటారు: అద్దంలా మెరిసే రంగు, ఎక్కడా గీత పడని రేకు. షోరూమ్ కారైతే అలా ఉండొచ్చు. పెద్ద టైరు పట్టడానికి రేసు ముందురోజు రాత్రి కత్తిరతో కోసిన మడ్‌గార్డు అంచు అలా ఉండదు. వంకరగా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ వంకరను లప్పంతో సరిచేస్తే, నిద్రమానుకుని పనిచేసిన ఆ మనిషి చేతి గుర్తును చెరిపేసినట్టే. గుట్టలు గుట్టలుగా కనిపించే వెల్డింగు, తొందరలో వేసిన బ్రష్ గీత, పక్కకి జరిగిన రివెట్టు, ఇవన్నీ ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే రావాలి. కావాలని వంకరగా కోయడం తిన్నగా కోయడం కన్నా కష్టమని ఈ పనిలో మునిగినవాళ్ళకు బాగా తెలుసు.

యాసిడ్ స్నానం చేసిన బాడీలతో మరో చిక్కు. 1960లలో బరువు తగ్గించడానికి రేకును యాసిడ్ తొట్టిలో ముంచి కొంత కరిగించేవారు. కడిగాక కూడా అతుకుల సందుల్లో మిగిలిన యాసిడ్ లోలోపల తినేస్తూనే పోయింది. ఇప్పుడు తుప్పుపట్టిన చోట మామూలు మందపు రేకు వేస్తే కారు బరువెక్కుతుంది, అసలు విద్యే పోతుంది. పలచటి రేకును పలచటి రేకుతోనే అతకాలంటే వేడికి అది ముడుచుకుపోతుంది. అందుకే కొంచెం వెల్డు చేసి, చల్లారాక, దూరంగా మరోచోట చుక్క పెడతారు. ఒక్క ముక్క కుదరడానికి ఒక పూట పడుతుంది.

అలా పూర్తయిన కార్లు పరిగెడతాయా అంటే, ఎక్కువభాగం పరిగెట్టవు. కారు బోల్తాపడితే డ్రైవరును కాపాడే 1968 నాటి ఒంటి రోల్‌బార్‌ను ఇప్పటి భద్రతా నియమాలు ఒప్పుకోవు. ఇనప పంజరం పెడితే లోపలి రూపం చెడుతుంది. నియమాన్నీ రూపాన్నీ ఒకేసారి నిలబెట్టే మార్గం లేదు. పంజరం పెట్టి పరిగెత్తించేవాళ్ళనూ తప్పుపట్టలేం. పరుగు వద్దనుకున్నవాళ్ళు ఇంజన్‌నైనా మోగిస్తారు. కాలిఫోర్నియాలో ఫమోసో రేస్‌వేలో పాత డ్రాగ్‌స్టర్లను వరసగా నిలబెట్టి, నైట్రోమీథేన్ ఇంధనం పోసి, జనం ముందు స్టార్ట్ చేస్తారు. పొగకు కళ్ళు మండుతాయి. జనం మాత్రం కదలరు.

గాడులు లేని నున్నటి ఎం అండ్ హెచ్ టైర్లు పాత అచ్చుతో ఇప్పటికీ దొరుకుతాయి. క్రాగర్ చక్రాలూ దొరుకుతాయి. దొరకడం కష్టమవుతున్నది మనుషులే. స్టిక్కర్ వాడకుండా బ్రష్‌తో తలుపు మీద పేరు రాసే చిత్రకారులు తగ్గిపోయారు. ఆ కార్లు తోలినవాళ్ళలో, ఇంజన్లు కట్టినవాళ్ళలో బతికున్నవారు ఎనభై దాటుతున్నారు. అద్దం మీద తరగతి, నంబరు బూటు పాలిష్‌తో రాసేవారని ఫొటోలు చెబుతాయి. కొత్త ఇంజన్‌తో మొదటిసారి లైన్ మీదికి వచ్చినప్పుడు గేరు రాడ్డు ఎటు వంచి పెట్టుకున్నారో, పెడల్‌కు ఎందుకు రబ్బరు చుట్టారో ఏ ఫొటోలోనూ ఉండదు. అందుకే మంచి రెస్టోరర్లు పానా పట్టుకునే ముందే టేప్‌రికార్డర్ పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్తున్నారు.