త్యాగమా? పలాయనమా?

విడిచిపెట్టిన ప్రతిదీ త్యాగం కాదు. ఈ సత్యాన్ని గీతాధ్యయనం కన్నా ముందుగా నాకు ఒక గణితపు తరగతి బోధించింది. నేడు అటువంటి సందిగ్ధంలో ఉన్న విద్యార్థులకు ఉపకరించవచ్చునన్న ఆశతో ఆ అనుభవాన్ని సవినయంగా నివేదిస్తున్నాను.

మాది కొత్తచెరువు. ఊరి పేరులోనే చెరువున్నా, మా బాల్యంలో నీటికన్నా నీటిని గూర్చిన చింతయే అధికం. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే సీమలో వేరుశనగ పంటయే మా జీవనాధారం. 1994లో అనంతపురంలోని ఒక కళాశాలలో బి.ఎస్సీ.లో చేరాను. రెండవ సంవత్సరంలో రియల్ అనాలిసిస్ ఎదురైంది. అంతవరకూ లెక్క అంటే చేయవలసినది. ఇక్కడ ప్రతి మాటా నిరూపింపవలసినది. ఎప్సిలాన్, డెల్టాలతో అవధిని నిర్వచించే ఆ పాఠం, అందునా ఆంగ్లంలో, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన నాకు దుర్భేద్యమైంది. తొలి పరీక్షలో నూటికి తొమ్మిది మార్కులు.

చదువు మాని, మరుసటి ఏడు బి.ఏ.లో మొదటి నుండి చేరాలని నిశ్చయించుకున్నాను. అందుకు నేను కల్పించుకున్న సమర్థన విచిత్రమైనది. ముండకోపనిషత్తు విద్యను పర, అపర అని విభజించింది గదా! లౌకికమైన ఈ అపరవిద్యకై ఇంత క్లేశం దేనికి? మార్కులు మాయ గదా! ఇలా నా భయానికి వేదాంతపు కాషాయం కట్టాను. కురుక్షేత్రంలో అర్జునుడు కూడా యుద్ధంకన్నా భిక్షాటనమే మేలన్నాడు. మాట వైరాగ్యానిదే, పలికించినది మాత్రం విషాదం.

నిర్ణయం తెలుపుదామని ఇంటికి వెళ్ళాను. ఆనాడే మా చేనిలో బోరు వేస్తున్నారు. అప్పటికే రెండు బోర్లు విఫలం. బండి యంత్రం తెల్లని రాతిపొడిని ఎగజిమ్ముతున్నది. అడుగు అడుగుకూ ధనం ఖర్చు. మామ "ఇంగో యాభై అడుగులు పోనీ బావా" అంటున్నాడు. నాయన బదులు పలకక, గొట్టం నుండి వచ్చే పొడిని మాటిమాటికీ అరచేత పట్టి, వేళ్లతో నలిపి చూస్తున్నాడు. 380 అడుగుల వద్ద చేయెత్తి ఆపించాడు. ఆ మిగిలిన సొమ్ముతోనే నా హాస్టలు రుసుము కట్టవలసి ఉన్నదని నాకు తెలుసు.

రాత్రి నా మాట చెప్పాను. నాయన కోపించలేదు.

"రెండు నెల్లలో ఒగటన్నా అర్థమయిందా నాయనా?" అన్నాడు.

ఆలోచించాను. ఒక అనుక్రమం ఎందుకు అభిసరిస్తుందో ఒక రాత్రి ఎవరి సాయమూ లేకుండా నిరూపించగలిగాను. ఆ మాటే చెప్పాను.

"అయితే చెమ్మ ఉండాది. పొద్దున మన పొడిలో అది ల్యా. అందుకే ఆపితి. చెమ్మ ల్యాకుంటే ఆపల్ల. బయపడి ఆపగూడదు."

నిద్ర రాక పూజామందిరంలోని గీతను తెరిచాను. అష్టాదశాధ్యాయంలో 7, 8, 9 శ్లోకాలు త్యాగాన్ని మూడు విధాలుగా వివేచిస్తాయి. మోహవశాన నియతకర్మను విడుచుట తామసం. దుఃఖకరమని, శరీరక్లేశానికి వెరచి విడుచుట రాజసం. దానికి త్యాగఫలం లభించదు. కర్తవ్యబుద్ధితో కర్మను ఆచరిస్తూనే సంగాన్నీ ఫలాన్నీ విడుచుట సాత్త్వికం. నేను విడువదలచినది తరగతిని; విడువవలసినది పరాజయభీతిని, పదిమందిలో చులకన అవుతానన్న అహంకారాన్ని.

అయితే చదువు విడిచిన ప్రతివారూ పలాయితులేనా? ఆనాటి మా జిల్లాలోని ఇల్లూరులో జన్మించిన నీలం సంజీవరెడ్డి అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చదువుతూ, గాంధీజీ ప్రభావంతో 1931లో విద్యను విడిచి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు, కారాగారవాసం అనుభవించారు. 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన విడిచినది సుకరమైనది, స్వీకరించినది దుష్కరమైనది. నా సంకల్పం ఇందుకు విపర్యయం.

మరునాడు కళాశాలకు తిరిగివెళ్ళాను. అద్భుతమేమీ జరుగలేదు. అర్థం కానిదాన్ని సిగ్గు విడిచి అడగడం నేర్చుకున్నాను. రోజుకొక్క నిరూపణ వ్రాశాను. సంవత్సరాంతంలో వచ్చినవి 41 మార్కులు. నేను గణితవేత్తను కాలేదు. కానీ "తెలియలేదు" అని నలుగురిలో పలకగలిగిన ఆ నిరహంకారం, అనంతర కాలంలో గురుసన్నిధిలో నాకు మిక్కిలి ఉపకరించింది.

సాధకమిత్రులారా! విరమించాలన్న తలంపు కలిగినప్పుడు, విరమణకు మనం చెప్పుకొనే శాస్త్రప్రమాణాలను కాసేపు పక్కన ఉంచుదాం. భయం తొలగిన పక్షంలో కూడా ఇదే నిర్ణయం నిలుస్తుందా అని ప్రశ్నించుకుందాం. నిలిస్తే నిశ్చింతగా విరమించవచ్చు. మా నాయన 380 అడుగుల వద్ద ఆపినట్లు. నిలువకపోతే, మరికొంత లోతుకు దిగుదాం.

శ్రీకృష్ణార్పణమస్తు.