దుఖాన్ ఎండలో సున్నిపిండి

ఏం లేదు వదినగారూ, ఆ మిక్సీ మోత మాదే. సున్నిపిండి ఆడుతున్నాను. మొన్న శుక్రవారం దోహా వెళ్తే మా అమ్మాయి బాడీ స్క్రబ్ కొనమని ఒకటే గొడవ. డబ్బా వెనక్కి తిప్పి చదివితే ఏముందీ, పంచదార, కొబ్బరినూనె, ఇంత సెంటు! సెంటు తప్ప మిగతావి మన వంటింట్లో లేవా?

నా లెక్క చెప్తాను, వినండి. పెసలు కిలో, శనగపప్పు అరకిలో, బియ్యం ఓ గ్లాసు, మెంతులు గుప్పెడు, ఎండు గులాబీ రేకులు, కాస్త కస్తూరి పసుపు. కూర పసుపు వేశారంటే తువ్వాళ్ళన్నీ పచ్చబడి కూర్చుంటాయి. పప్పులు మిద్దె మీద ఆరబోస్తే పైన పల్చటి పంచె కప్పాలి. షమాల్ గాలి లేచిందా, ఇక ఇసుకతోనే ఒళ్ళు తోముకోవాలి!

మా అమ్మ బావంచాలు కూడా వేసేది. ఇక్కడికొచ్చాక నేను మానేశాను. బొల్లికి మందుగా వాడే గింజలు కదండీ అవి. వాటిలో సొరాలెన్ అని ఒకటుంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. ఇక్కడి ఎండ సంగతి మీకు చెప్పాలా? జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని సర్కారే రూలు పెట్టింది. నిమ్మచెక్క పంచదారలో అద్ది రుద్దుకోవడమూ ఇంతే. నిమ్మరసంలోనూ ఆ జాతి సరుకే ఉంది, సరిగా కడుక్కోకుండా బయటికెళ్తే నల్లమచ్చలు పడతాయి.

ముందు నువ్వులనూనె పట్టించి, ఓ పావుగంట ఆగి, అప్పుడు నలుగు పెట్టుకోవాలి. పిండి ఆ జిడ్డును పీల్చుకుంటుంది. ఉత్తి ఒంటికి రుద్దితే, రోజంతా ఏసీలో ఉండే చర్మం ఇంకా బీటలిస్తుంది. తమాషా ఏంటంటే, 1949 నుంచి ఓడలకెక్కుతున్న చమురు మన దుఖాన్ నేల కిందే ఉంది, ఒంటికి రాసుకునే నూనెకు మాత్రం ఎనభై కిలోమీటర్లు దోహా పోవాలి.

నీళ్ళా? మీరు కొత్త కదా, ఈ కిటుకు తెలిసుండదు. ఎండాకాలం మిద్దె ట్యాంకులో నీళ్ళు సలసలా కాగిపోతాయి. గీజర్ స్విచ్ ఆపేసి, వేడినీళ్ళ కుళాయి తిప్పండి. గీజర్ గది లోపలుంటుంది కాబట్టి అందులో నిలవున్న నీళ్ళే కాస్త చల్లగా వస్తాయి. మరీ వేడినీళ్ళు పోసుకుంటే రాసిన నూనె దండగే.

పిల్ల మాట కాదనలేక పంచదార, కొబ్బరినూనె కూడా కలిపిచ్చాను లెండి. ఒక్క స్నానానికి సరిపడా మాత్రమే. స్నానాల గదిలో నిలవ పెడితే నీటి చుక్క పడుతుంది, బూజు పడుతుంది. ముఖానికి మాత్రం పంచదార వద్దన్నాను, పలుకు గీరుకుంటుంది.

ఇంతకీ మీ దగ్గర సన్నకన్ను జల్లెడ ఉందా? ఉంటే గోడ మీంచి ఇటు అందించండి. మెత్తటిది ముఖానికి, బరకది మోచేతులకీ మడమలకీ విడదీసి, మీకో డబ్బా ఇస్తాను. తడి చెయ్యి మాత్రం అందులో పెట్టకండేం.