మాయాశశిరేఖ

క్రైస్తవ పాఠశాల సంచికయందు సినిమా నాయికను గూర్చి వ్రాయుట తగునా యని కొందరు తలిదండ్రులు శంకింపవచ్చును. నా చిన్ననాట మా సంఘపెద్దలు సినిమాహాలు గుమ్మము త్రొక్కుటయే దోషమని యెంచెడివారు. అయినను పిల్లల మనస్సులలో నే బొమ్మ నిలిచియున్నదో యెరుగక వారికి చదువు చెప్పుట కష్టము. మా తరగతిలో శశిరేఖ యెవరని యడిగినచో చేయి యెత్తనివారు లేరు. "మాయాబజార్" 1957వ సంవత్సరము మార్చి నెలలో విడుదలయ్యెను. అప్పటికి వీరి తాతలు పలకాబలపములతో నున్నవారు.

బలరాముని కుమార్తెయైన యీ శశిరేఖ వ్యాసభారతమున లేదు. ఆమె కథ మన నాటకములలో పెరిగినది. 1936లో శాంతకుమారి యీ వేషముతోనే చిత్రరంగమున కాలుమోపెను. నేడు మాత్రము శశిరేఖ యన్న సావిత్రియే.

ఈ చిత్రము పౌరాణికమే గాని శాస్త్రకల్పన కాదని నే నెరుగుదును. అయినను అందలి ప్రియదర్శిని పేటికను జూడుడు. మూత తెరచినవారికి తమకు ప్రియమైనది కనిపించును. శశిరేఖ తెరవగా దూరముననున్న అభిమన్యుడు కనిపించి పాడును. "అది వీడియోకాలే గదా టీచరు!" అని యొక పిల్లవాడు లేచి పలుకగా తరగతి యంతయు నవ్వెను. వాని మాటలో తప్పు లేదు. సత్యపీఠము సంగతియు నట్టిదే. దానిపై నిలిచిన శకుని తన కపటమును తానే చెప్పివేయును. దర్శకులైన కె. వి. రెడ్డిగారును, మాటలు పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారును మంత్రమునకు యంత్రపు రూప మిచ్చిరి. కంప్యూటరు బొమ్మలు లేని దినములలో మార్కస్ బార్ట్లీగారి కెమెరా మనల నదియంతయు నమ్మించినది.

శాస్త్రమును స్త్రీల కథయు ఒకచోట కలియుట నడిగూడెము వారికి వింత కాదు. మన కోటలో నుండిన మునగాల రాజావారికి దివానుగా పనిచేసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, ప్రకృతిశాస్త్రములను తెలుగున నచ్చొత్తించిరి. వారి యక్క భండారు అచ్చమాంబగారు "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను పేర ఘనస్త్రీల చరిత్రములను గూర్చిరి. తమ్ముడు శాస్త్రము, అక్క నాయికలు. మన పిల్లలు సినిమాహాలులో వెదకునవియు ఈ రెండే.

"మాయాబజార్"నకు కె. వి. రెడ్డిగారియొద్ద సహాయకులుగా పనిచేసిన సింగీతము శ్రీనివాసరావుగారు 1991లో "ఆదిత్య 369" తీసిరి. నాకు పదియేండ్లప్పుడు దానిని జూచితిని. (ఎవరితో పోయితినో సంఘపెద్దలకు తెలియదు.) అందలి కాలయంత్రము శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, పిదప 2504వ సంవత్సరమునకును మనుష్యులను గొనిపోవును. నాయిక హేమ శాస్త్రజ్ఞుని కూతురు. యంత్రము తండ్రిది, ఆమె యందు కూర్చుండినది. మోహిని బాగుగనే నటించెను గాని, కథ యామెకు చేయదగిన పని యెక్కువగ నీయలేదని నా తలంపు.

2018లో "మహానటి"యందు సావిత్రి జీవితమును జూపిన నాగ్ అశ్విన్ గారే 2024లో "కల్కి 2898 ఏడీ" తీసిరి. అచ్చట సావిత్రియైన కీర్తి సురేశ్ ఇచ్చట బుజ్జి యను కారునకు కంఠ మిచ్చెను. నాడు శశిరేఖ పేటిక యెదుట కూర్చుండగా, ఆమె వారసురాలు యంత్రము లోపలికే పోయి మాటాడుచున్నది! నాయికయైన దీపికా పడుకోణెకు ఆ ప్రయోగశాలలో పేరు లేదు, ఒక సంఖ్య మాత్రమే యున్నది. తప్పించుకొని వెలుపలికి వచ్చిన పిదపనే ఆమె సుమతి యగును. మంటల నడుమ నామె నడచు దృశ్యమును మా బాలికలు కన్నులు విప్పార్చి చెప్పుచుండగా, నాకు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు జ్ఞప్తికి వచ్చిరి.

అయినను నాకు మాయాశశిరేఖయే మిన్న. నిజమైన శశిరేఖను మంచముతోకూడ ఘటోత్కచుడు తన యాశ్రమమునకు జేర్చి, ఆమె రూపము తాను దాల్చి పెండ్లివారింట తిరుగును. కావున లక్ష్మణకుమారుని ముప్పుతిప్పలు పెట్టునది రాక్షసుడు. ఇష్టములేని పెండ్లికి లోబడవలసిన పిల్ల చేయునది నిరీక్షణ. కథ యిట్లు చెప్పుచున్నది. తెర మరియొకటి చెప్పుచున్నది. అచ్చట మన కన్నుల యెదుట నున్నది ఎస్. వి. రంగారావుగారు కాదు, సావిత్రి. ఆయన చూపు, ఆయన భుజముల ఠీవి, ఆయన గర్వపు నవ్వు, సమస్తమును ఆ యువతి తన యొంటికి తెచ్చుకొనెను. పెండ్లికూతురి పాటలో సుశీలగారి గొంతు నడుమ ఘంటసాలవారి గొంతు వినవచ్చినంతనే ఆ కనుబొమలు మగవానివి యగును. మరుక్షణమున మరల పెండ్లికూతురు. స్థానము నరసింహారావుగారు మన రంగస్థలముపై స్త్రీవేషమున కీర్తి గాంచిరి. సావిత్రి యెత్తుకొన్న పని యంతకు రెండింతలు: స్త్రీవేషము వేసిన పురుషుని స్త్రీ నటించుట. పెండ్లిపీటలపై రేలంగిని హడలగొట్టిన బలము ఘటోత్కచు డిచ్చినది కాదు. మా పిల్లలు పెద్దల వాడుక ననుసరించి దానిని "రాక్షసుని మాయ" యందురు. నేను ప్రతిసారియు "సావిత్రి కష్టము" అని దిద్దుచుందును.

ఈ దిద్దుబాటు వ్యర్థము కాదనుట కొక సంగతి చెప్పెదను. వెనుకటి వార్షికోత్సవమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మాయాశశిరేఖ వేషము వేసెను. హాజరు పిలిచినప్పుడైనను ఆమె గొంతు రెండవ బల్లదాక వినబడెడిది కాదు. ఆ రాత్రి ఆమె కాలు నేలపై మోపిన చప్పుడునకు వెనుక వరుసలోని ముసలమ్మలుకూడ నిటారుగ కూర్చుండిరి. ఆమె తల్లి నాయొద్దకు వచ్చి, "మా పిల్లకు ఈ ధైర్యం ఎక్కడిదండీ?" అనెను. మీ యింటనుండి తెచ్చినదేనమ్మా యంటిని.

రెండు మాసములకు తండ్రి వచ్చి టీ.సీ. అడిగెను. సంబంధము కుదురుచున్నదట, వరుడు మేనవాడట. చట్టము 18 ఏండ్లు నిండవలెనను మాట నేను చెప్పబోవునంతలో తలుపు ప్రక్క నిలిచియున్న ఆ బాలిక, "నాన్నా, పది పాసయ్యేదాకా ఆ మాట ఎత్తనన్నావు గదా" అనెను. బిగ్గరగా ననలేదు. కాని కార్యాలయములోని నలుగురికిని స్పష్టముగ వినబడెను. ఆయన కొంతసేపు తువ్వాలుతో మొగము తుడుచుకొని, కాగితము తీసికొనకయే వెళ్ళెను. ఇది యీ సంవత్సరపు మాట. మరుసటి సంవత్సరమున నేమి జరుగునో నేను చెప్పజాలను.

ఇప్పు డామె పదవ తరగతిలో నున్నది. ఈసారి వార్షికోత్సవమునకును ఆ నాటకమే వేయుదమని పిల్లలు పట్టుబట్టుచున్నారు. వేషములకు పేర్లు వ్రాయించుకొనుచుండగా, శశిరేఖ పాత్ర చెల్లెండ్ల కెవరికైన నిండని చెప్పి, ఆమె శకుని యెదుట తన పేరు వ్రాయించినది.