గండి ఎక్కడ పడింది?

పామర్రు సెంటర్లో నిలబడితే చాలు, ఎటు వెళ్లే బస్సయినా దొరుకుతుంది. ఒక పక్క విజయవాడ, ఇంకో పక్క బందరు. ఇటు గుడివాడ, అటు కూచిపూడి మీదుగా చల్లపల్లి. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఈ మండలంలోదే. చుట్టూ వరి చేలు, కాలువలు. ఇలాంటి ఊళ్లో రిపేరు అంటే నీళ్ల మోటారు, మందు కొట్టే స్ప్రేయరు, మిక్సీ, సెల్‌ఫోను. ఈ డెల్టా ఊళ్లలో ఆ వరసలోకి కొత్తగా వచ్చి చేరిన సరుకొకటుంది. గేమ్ కన్సోల్!

అదెక్కడి నుంచి వస్తుందంటారా? సగం జవాబు అమెరికాలో ఉంది. కృష్ణా డెల్టాలో అమెరికాలో చుట్టాల్లేని వీధి అరుదు. సెలవులకొచ్చే బాబాయో మేనమామో సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు ఓ ఎక్స్‌బాక్సో ప్లేస్టేషనో తెస్తారు. పిల్లాడు ఆ రాత్రి నిద్రపోడు. తెల్లారి ప్లగ్గులో పెట్టి స్విచ్ వేస్తాడు. టప్! అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అమెరికాలో అమ్మిన ఎక్స్‌బాక్స్ 360తో వచ్చే ఇటుకంత అడాప్టరు అక్కడి వోల్టేజీకి తయారైందే. అదృష్టం బాగుంటే అడాప్టరు ఒక్కటే పోతుంది. పీఎస్4 నాటికి ఆ గొడవ తీరింది. అది 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నయినా తట్టుకుంటుంది. అయినా రిపేరు బల్ల ఖాళీగా ఉండదు.

తొంభైల్లో పిల్లలకు ఇంత బెంగ లేదు. అప్పటి ‘టీవీ గేమ్’లో పసుపు రంగు క్యాసెట్టు పెట్టేవారు. మారియో రాకపోతే క్యాసెట్టు తీసి ఉఫ్ఫుమని ఊది మళ్లీ పెట్టేవారు. అప్పటికీ రాకపోతే రేడియో మెకానిక్కే దిక్కు. చాలాసార్లు పోయేది 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు. తొమ్మిది వోల్టుల అడాప్టరుకు బదులు చేతికందిన మరో అడాప్టరు గుచ్చడం వల్ల వచ్చే తంటా అది. పాతది ఊడదీసి కొత్తది అతికిస్తే పని అయిపోయేది.

ఇప్పటి బోర్డు అలా కాదు. పొరల మీద పొరలు. వాటి మీద నూకల కన్నా చిన్న కెపాసిటర్లు వందల్లో. వాటిలో ఒక్కటి లోపల పగిలితే చాలు, మొత్తం యంత్రం మూగబోతుంది.

ఓ శనివారం పదో తరగతి కుర్రాడు పీఎస్4ను తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడనుకుందాం. వెనకే వాళ్లమ్మ.

‘‘నొక్కగానే టిక్కుమని ఆరిపోతోందంకుల్’’ అంటాడు కుర్రాడు.

‘‘కొత్తది కొనే స్తోమత లేదు బాబూ, అవుతుందో కాదో ముందే చెప్పు’’ అంటుందామె.

అవుతుందో లేదో చూడకుండా చెప్పలేకపోవడమే ఈ పనిలో ఉన్న చిక్కు.

షార్టు అంటే ఏమిటో డెల్టా జనానికి విడమరచి చెప్పనక్కర్లేదు. కాలువకు గండి పడటమే అది! లాకుల దగ్గర నీళ్లు వదులుతున్నారు. కానీ కింది ఊళ్లకు చుక్క చేరదు. ఎక్కడో గట్టు తెగింది. బోర్డు మీద కరెంటు కూడా అంతే. ప్రాసెసరుకు వెళ్లాల్సింది దారిలో తెగిన చోట నేరుగా భూమిలోకి, అంటే గ్రౌండు లైనులోకి దిగిపోతోంది. పవర్ సప్లై అది పసిగట్టి రెప్పపాటులో తనను తాను కట్టేసుకుంటుంది. ఆ ‘టిక్కు’ అందుకే.

మరి గండి ఎక్కడ? ఒకే లైను మీద ఇరవై కెపాసిటర్లుంటే, ఇరవయ్యింటిలో ఏది పోయినా మీటరు ఇరవయ్యింటినీ పోయినట్టే చూపిస్తుంది. గండి ఒకచోటే పడినా కాలువ పొడుగునా నీళ్లు తగ్గినట్టు! కొత్తగా పని నేర్చుకునేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. మల్టీమీటరు ‘బీప్’ మన్నచోటల్లా షార్టని ఒక్కోటీ ఊడబెరుకుతూ పోతారు. నిజానికి చాలా మీటర్లు పాతిక ముప్ఫై ఓముల లోపు ఎంత ఉన్నా బీప్ అంటాయి. పెద్ద ప్రాసెసరుకు కరెంటిచ్చే లైను ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఒక ఓము దగ్గరే ఉండొచ్చు. అంటే బీప్ వినిపించినా అక్కడ జబ్బు లేకపోవచ్చు. మంచి మెకానిక్ చెవిని నమ్మడు, మీటరు మీద అంకె చూస్తాడు. వీలైతే అదే మోడల్ మంచి బోర్డుతో పోల్చి చూస్తాడు.

ఆ తర్వాతి ఘట్టం చూడటానికి బాగుంటుంది. బల్ల మీది పవర్ సప్లైని ఒక వోల్టుకు మించకుండా తిప్పి, అనుమానమున్న లైనులోకి కొద్దికొద్దిగా కరెంటు వదులుతారు. ఆ లైను మామూలుగా మోసే వోల్టేజీని మాత్రం దాటనివ్వరు. దాటితే మంచి చిప్పులు కూడా పోతాయి. కరెంటంతా గండి దగ్గరికే పరుగెడుతుంది, పరుగెత్తిన చోట వేడి పుడుతుంది. వేడిని చూపించే థర్మల్ కెమెరా ఉన్నవాళ్లకు అది తెరపై చుక్కలా మెరుస్తుంది. లేనివాళ్లు బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి ఊపిరి బిగబట్టి చూస్తారు. అంతా తడిగానే ఉంటుంది. ఒక్కచోట మాత్రం గబుక్కున ఆరిపోతుంది.

దొరికింది! ఇక వేడి గాలితో దాన్ని లేపి, మీటరు మళ్లీ పెట్టి చూడటమే. అంకె పైకి లేచిందా, బోర్డు బతికినట్టే. ఆ కెపాసిటరు లేకపోయినా ఒక్కోసారి యంత్రం నడుస్తుంది కానీ, పద్ధతి తెలిసినవాళ్లు అదే విలువ గలది వేసే పంపుతారు. ఆ ముక్క చాలాసార్లు చచ్చిన ఇంకో బోర్డు నుంచే వస్తుంది. ఈ పనిచేసేవాళ్లకు పాత బోర్డులే విత్తనాల గాదె. అక్కడా దొరకకపోతే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఉంది, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది.

వేడెక్కింది కెపాసిటరు కాకుండా ప్రాసెసరే అయితే? ఆ మాట బయటికి చెప్పాలంటే మెకానిక్కుకూ నోరు రాదు. ‘బోర్డు మార్చేయండి’ అనడం తేలికే. కానీ పీఎస్4లో డిస్కు డ్రైవు ఆ బోర్డుతో జతకట్టి ఉంటుంది, వేరే బోర్డుతో గేము డిస్కులు చదవదు. హార్డ్‌డిస్కులోని సమాచారానికి కూడా ఆ యంత్రానిదే తాళం. అంటే రెండేళ్లు కూర్చుని ఆడిన ఆటలన్నీ, ఇంటర్నెట్‌లో దాచుకోకపోతే, బోర్డుతోపాటే పోతాయి. కుర్రాడి మొహంలో కంగారు దానికే. డబ్బుల గురించి అమ్మకు, దాచిన ఆట గురించి అబ్బాయికి!

ఇంతకీ గండి ఎందుకు పడుతుంది? కారణాల్లో మొదటిది నవ్వు తెప్పిస్తుంది. బొద్దింకలు! రాత్రిళ్లు కూడా గోరువెచ్చగా ఉండే పెట్టె, దానికి వెడల్పాటి గాలి కంతలు. వాటికి అంతకన్నా హాయైన ఇల్లేముంది? పవర్ సప్లైలో అడ్డంగా పడి అవి చస్తాయి, దాన్నీ చంపుతాయి. టీవీ వెనక తడుముకుంటూ హెచ్‌డీఎంఐ తీగను వంకరగా తోసేవాళ్ల వల్ల లోపలి పిన్నులు వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. ఉరుములప్పుడు ప్లగ్గు తీయని ఇళ్ల సంగతి సరేసరి. బందరు తీరం దూరమేం కాదు, గాలిలో తేమ మెండు. దుమ్ము తేమను పట్టుకుంటుంది, తేమ రాగిని తింటుంది. 2020లో వచ్చిన పీఎస్5లో ఇంకో కొత్త సంగతుంది. చిప్పు వేడి లాగడానికి అందులో ద్రవ లోహం వాడారు. తెరిచేటప్పుడు అజాగ్రత్తగా ఉంటే అది జారి పక్కనున్న వాటిని కలిపేస్తుంది.

షార్టు కాని జబ్బులూ ఉన్నాయి. ఎక్స్‌బాక్స్ 360లో మూడు ఎర్ర దీపాలు వెలిగి లక్షల యంత్రాలు మూలపడినప్పుడు, 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడ తప్పు వేడెక్కి చల్లారి తెగిన అతుకులది. అంత కంపెనీకే అంత తిప్పలయితే సెంటర్లో చిన్న బల్ల వేసుకున్నవాడి సంగతి చెప్పేదేముంది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు ఇళ్లలోని టీవీలు, ఫ్రిజ్‌లతోపాటు ఇలాంటివీ తడిశాయి. తడిసినదాన్ని ‘పనిచేస్తుందేమో’ అని ప్లగ్గులో పెట్టి చూడటం అన్నిటికన్నా చెడ్డ పని. బోర్డు మీద గుండీ బ్యాటరీ ఉంటుంది కాబట్టి ప్లగ్గు తీసినా లోపల కొద్దిగా కరెంటు తిరుగుతూ బురద నీళ్లతో కలిసి రాగిని కొరుకుతుంది. ముందు దాన్ని తీయించాలి, బోర్డు కడిగించి ఆరనివ్వాలి. అయితే ఇంట్లో ఎవరూ పవర్ సప్లై డబ్బా విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటరు ప్లగ్గు తీశాక కూడా మూడొందల వోల్టులు దాచుకుని ఉండొచ్చు.

ఇక డబ్బు దగ్గరే పేచీ. పోయింది చిల్లర ఖరీదు చేసే ముక్క. దాన్ని వెతకడానికి పట్టింది పూట. ‘ఇంత చిన్నదానికి అంతా?’ అంటారు జనం. వెతికిన పూటకు రేటు చెప్పడం ఎలాగో ఏ మెకానిక్కుకూ తెలియదు. పాతరోజుల్లో టీవీల సర్క్యూట్ డయాగ్రమ్‌లు పుస్తకాలుగా దొరికేవి. కన్సోల్ కంపెనీలు ఆ పటాలను బయటి మెకానిక్కులకు ఇవ్వవు. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది కానీ, బల్ల దగ్గరికి ఆ పటం రావడానికి అది చాలలేదు. చీకట్లో గండి వెతకమన్నట్టే.

మన కుర్రాడి పీఎస్4కు మాత్రం పోయింది కెపాసిటరే అనుకుందాం. పక్కకు తీసిపెట్టిన దాన్ని వాళ్లమ్మ గోటి మీద పెట్టుకుని చూస్తుంది. ‘‘ఇదేనా?’’ అంటుంది నమ్మకం కుదరక. మెకానిక్ మూత బిగించకుండానే బటన్ నొక్కుతాడు. నీలం దీపం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నీలం దగ్గరే ఆగిపోతే పని మళ్లీ మొదటికే. ముగ్గురూ దానికేసే చూస్తారు. నీలం, నీలం... తెలుపు!

‘‘పరీక్షలయ్యేదాకా ఇది బీరువాలోనే’’ అంటుంది వాళ్లమ్మ, తువ్వాలు మళ్లీ చుడుతూ.